సేవాసంఘముల చరిత్ర: ప్రకటన యొక ఋణపత్రము



వార్షిక మహాసభల సంచికలు చేతికి వచ్చినప్పుడు చదువరులు మొదట చూచునవి ఛాయాపటములు, పిదప అధ్యక్షోపన్యాసము, ఆ తరువాత పద్యములు. కార్యదర్శిగారి నివేదికయు, తీర్మానములును, దాతల పట్టికయు, ఆదాయవ్యయముల లెక్కయు నున్న పుటలను త్రిప్పివేయుట వాడుక. కాని ఏబది యేండ్లు గడచిన పిమ్మట ఈ సంచిక యెవరి చేతికైన జిక్కినచో వారు వెదకునవి ఆ త్రిప్పివేసిన పుటలే. ఈ సంఘమువారు ఏమి చేయుదుమని చెప్పిరి? ఏమి చేసిరి? ఎవరికొఱకు చేసిరి? ఈ మూడు ప్రశ్నలకు ప్రత్యుత్తర మిచ్చునదే సంఘచరిత్ర. తక్కినది అలంకారము.

పదుగురు కూడిన సభలో "మేము ఈ పని చేయుదుము" అని చేసిన ప్రకటన ఋణపత్రము వంటిదని నా తలంపు. వ్రాసినవాడు తీర్పవలయును, తీర్పనిచో అడుగువారుండవలయును. ఆ ఋణము ఎవరికి చెల్లవలయును, తన కులమువారికా, ఊరివారి కెల్లనా, అనునది అంతకంటె గడ్డుప్రశ్న. మన దేశమున సేవాసంఘములు పుట్టి పెరిగిన విధమును సంగ్రహముగ విన్నవించి, ఆ ప్రశ్నను ఈ మహాసభ యెదుట నుంచుటయే ఈ వ్యాసోద్దేశము.

పూర్తధర్మము

మన పూర్వులు ధర్మకార్యములను ఇష్టము, పూర్తము అని రెండు తెగలుగ విభజించిరి. యజ్ఞాదికము ఇష్టము. బావులు, దిగుడుబావులు, చెఱువులు త్రవ్వించుట, దేవాలయములు కట్టించుట, అన్నము పెట్టుట, తోటలు నాటించుట పూర్తము. పూర్తమను పదము నింపుట యను అర్థము గల ధాతువునుండి పుట్టినది. ఎచ్చట కొఱత గలదో అచ్చట నింపుటయే పూర్తమని గ్రహింపవచ్చును. యజ్ఞమునకు అధికారము కొందఱికే యని నిర్బంధించిన స్మృతికర్తలు సైతము పూర్తమునకు నాలుగు వర్ణములవారును అర్హులే యని యంగీకరించిరి. తెలుగునాట సప్తసంతానము లని పేరుపొందిన పుత్రుడు, చెఱువు, కావ్యము, నిధానము, దేవాలయము, వనము, అగ్రహారము అనువానిలో పెక్కులు ఈ పూర్తమునకు సంబంధించినవే. చెఱువు త్రవ్వించినవాడు కొడుకును కన్నవానితో సమానుడని మన వారి విశ్వాసము.

ఆ కాలపు దాతలు చేసిన పనిని ఎట్లు ప్రకటించిరో తెలిసికొనుటకు కడపమండలమందలి పోరుమామిళ్ల శాసనము చక్కని నిదర్శనము. శా.శ. 1291, అనగా క్రీ.శ. 1369వ సంవత్సరమున బుక్కరాయల కుమారుడగు భాస్కరుడు అచ్చట చెఱువు కట్టించి, దాని వృత్తాంతమును సంస్కృతమున రాతిపై చెక్కించెను. అందు స్తుతి లేకపోలేదు. కాని స్తుతితో నిలువలేదు. దినమునకు వేయిమంది పనివారు, నూఱు బండ్లు, రెండు సంవత్సరములు పనిచేసిన సంగతి అందు గలదు. కట్ట పొడవు 5000 రేఖాదండములు, వెడల్పు 8, ఎత్తు 7 అని కొలతలు గలవు. మంచి చెఱువునకు కావలసిన పండ్రెండు సాధనములును, తప్పింపవలసిన ఆఱు దోషములును వరుసగ జెప్పబడినవి. ఇంత వివరముగ జేసిన ప్రకటన లెక్క యొప్పగించుటతో సమానము. ఆఱువందల యేండ్లు గడచినను మనము ఆ రాతిని చదివి, ఏమి జరిగెనో యెఱుగగలుగుచున్నాము.

అయినను ఒక్క మాట దాచరాదు. చెఱువు త్రవ్వించుటకు అందఱు నర్హులే. ఆ నీరు ముట్టుటకు మాత్రము అందఱు నర్హులు గారైరి. ఊరి నడుమ బావియుండగా కొన్ని కుటుంబములు ఎవరైన దయదలచి కడవలో పోయుదురేమో యని గట్టున నిలుచుండుట ఈ దేశమున పలుతావుల జరిగిన సంగతి. దాత పూర్తము చేసితి ననుకొనెను; కొఱత మాత్రము నిండలేదు.

సంఘమునకు చట్టరూపము

రాజులును జమీందారులును చేసిన పనిని పదిమంది సామాన్యులు చందాలు వేసికొని చేయు పద్ధతి పందొమ్మిదవ శతాబ్దమున బలపడినది. 1860వ సంవత్సరపు 21వ చట్టము సంఘములను నమోదుచేయు మార్గము నేర్పఱచెను. ఏడుగురు కూడి, ఉద్దేశమును వ్రాసి, సంతకములు చేసినచో సంఘ మేర్పడును. ఏటేట కార్యవర్గమువారి పట్టికను రిజిస్ట్రారునకు పంపవలయును. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2001లో వేఱొక చట్టమును చేయువఱకు మన సంఘములు పెక్కులు దీని క్రిందనే నడచినవి.

ఆ పాతచట్టమున 14వ సెక్షను చదివినప్పు డెల్ల నాకు మన ధర్మశాస్త్రమే జ్ఞప్తికి వచ్చును. సంఘము మూతపడి, అప్పులన్నియు తీర్చగా మిగిలిన ఆస్తిని సభ్యులు పంచుకొనరాదు. సభకు వచ్చినవారిలో అయిదింట మూడు వంతులకు తక్కువగాని సమ్మతితో వేఱొక సంఘమునకే యియ్యవలయును. ఒక్కసారి ధర్మమునకు ధారపోసిన సొమ్ము మరల ఇంటికి రాదని దీని భావము. సంఘమునకు చందా యిచ్చినవాడు దానికి యజమాని కాడు, ధర్మకర్త మాత్రమే.

దీనిని మాటలతో గాక చేతలతో జూపినవారు కందుకూరి వీరేశలింగముపంతులుగారు. వారు 1874లో ధవళేశ్వరమున బాలికాపాఠశాల స్థాపించిరి. ఆ యేడే వివేకవర్ధనిని వెలువరించి చెప్పదలచినది అచ్చులో ప్రకటించిరి. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున తొలి వితంతువివాహము జరిపించి ప్రకటనను ఋజువు చేసిరి. తుదకు తమ యాస్తిని హితకారిణీ సమాజమునకు అప్పగించి 1919లో కీర్తిశేషులైరి. వారి మాటలతో సమ్మతింపనివారు ఆ నాడు వేలకొలది యుండిరి. కాని మాట యిచ్చి తప్పెనని అనగలవా రెవ్వరు?

పశ్చిమదేశములందును ఇట్టి సంఘములు చిన్నగనే మొదలైనవి. 1905 ఫిబ్రవరి 23వ తేదీన చికాగోనగరమున పాల్ హారిస్ అను న్యాయవాది కొందఱు మిత్రులతో ఒక క్లబ్బు పెట్టెను. సభ్యుల కార్యాలయములలో వంతులవారీగా కూడుచుండుటచే దానికి రోటరీ యను పేరు వచ్చినది. మొదట తమ తమ వృత్తుల మేలుకొఱకే కూడిరి. ఆ క్లబ్బు చేపట్టిన తొలి ప్రజాసేవలలో ముఖ్యమైనది నగరమున అందఱికి నుపయోగపడు మరుగుదొడ్లకై పాటుపడుట. వినుటకు ఘనముగ లేదు. కాని వీధిలో నడచువానికి కావలసినది అదియే. 1919–20 ప్రాంతమున కలకత్తాలో రోటరీ వెలసినది. 1917లో చికాగోలోనే పుట్టిన లయన్సు సంఘము తరువాతి కాలమున మన పట్టణముల కెల్ల వ్యాపించినది. తమకొఱకు కూడినవారు ఊరికొఱకు పనిచేయ మొదలిడిన దినముననే ఆ క్లబ్బులకు గౌరవము గలిగినదని గమనింపవలయును.

పుస్తకశాలలు

తెలుగునాట స్థానికసంఘముల ఉత్తమసేవ యేదియని నన్నడిగినచో పుస్తకశాలయని నిస్సంశయముగ జెప్పుదును. 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదున రావిచెట్టు రంగారావుగారి గృహమున శ్రీకృష్ణదేవరాయ ఆంధ్రభాషానిలయము ప్రారంభింపబడెను. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును, మునగాల రాజా నాయని వేంకటరంగారావుగారును అందు ముఖ్యులు. తెలుగున కాదరణము కొఱవడిన నగరమున అది తెలుగువారికి కూడలియయ్యెను. 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్ర ఆంధ్రభాషానిలయము వెలసెను. 1914 ఏప్రిల్ 10వ తేదీన బెజవాడలో అయ్యంకి వేంకటరమణయ్యగారి పూనికతో గ్రంథభాండాగారముల మహాసభ కూడెను. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు దాని కధ్యక్షులు. ఊరూర చెదరియున్న చిన్న పుస్తకశాల లన్నియు ఒక్క త్రాటిపైకి వచ్చినది అప్పుడే.

చీరాలకు సమీపమందలి వేటపాలెము పెద్ద పట్టణము గాదు. అచ్చట యువకులు కొందఱు కూడి, ఊటుకూరి వేంకటసుబ్బరాయశ్రేష్ఠిగారి పూనికతో 1918 అక్టోబరు 15వ తేదీన సారస్వతనికేతనమును నెలకొల్పిరి. 1929లో మహాత్మాగాంధీగారు దాని భవనమునకు శంకుస్థాపన చేసిరి. మహాత్ములు వచ్చి శంకుస్థాపన చేసిన స్థలములు దేశమున పెక్కులు గలవు. వేటపాలెమువారి విశేషము ఆ తరువాత జేసిన పనిలో నున్నది. వారు పాత పత్రికలను, మాసపత్రికలను పాఱవేయక సంపుటములుగ గట్టి దాచిరి. ఇతరులు చిత్తుకాగితముల వెలకు అమ్మివేసినవి అచ్చట భద్రముగ నుండుటచే నేడు దూరదేశములనుండి పరిశోధకులు ఆ యూరు వెదకికొని వచ్చుచున్నారు. పత్రికలను బైండు చేయింపవలయునని యొక సంఘమువారు నిర్ణయించుకొనుట చూపునకు చిన్నపని. నూఱేండ్లు విడువక చేయుట మాత్రము చిన్నపని గాదు.

ఊరికి రాలేని పాఠకుని కడకు పుస్తకమే పోయిన సందర్భమును గలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరుమండలమందలి పెదపాలెమునుండి కృష్ణాకాలువమీద పడవలో పుస్తకములు వేసికొని పోయి ఒడ్డున నున్న గ్రామములవారికి చదువ నిచ్చిరి. పడవలో పోవువాడు ఏ రేవున దిగువాడు ఏ కులమువాడని విచారించి పుస్తక మియ్యడు గదా! ఇట్టి వారి సేవఫలముగనే 1948లో మదరాసు ప్రజాగ్రంథాలయ చట్టమును, 1955లో హైదరాబాదు చట్టమును, 1960లో ఆంధ్రప్రదేశ్ చట్టమును వచ్చినవి. ఇంటిపన్నుతో గూడ గ్రంథాలయపుపన్ను వసూలగు నేర్పాటు జరిగినది. పదిమంది చందాలతో మొదలైన పని ప్రజలందఱి హక్కుగ మాఱినది. సేవాసంఘమున కింతకంటె గొప్ప పరిణామము లేదు.

కులసంఘములు

ఇక మన వంటి కులసంఘముల సంగతి. ఇవి యేల పుట్టినవి? పల్లెనుండి పట్టణమునకు చదువ వచ్చిన బాలునకు బడిలో చోటు దొరికినను తిండికిని పడకకును చోటు దొరకకుండెడిది. వారములు చేసికొని, దినమున కొక యింట భోజనము చేసి చదివినవారి కథలు మన తాతల నోట మనము విన్నవే. కాని వారములు పెట్టు ఇండ్లు అన్ని కులముల బాలురకు నుండెడివి కావు. ఆ కొఱతను నింపుటకే కులసంఘములు వసతిగృహములను కట్టినవి. హైదరాబాదున 1918లో రాజబహదూర్ వేంకటరామారెడ్డిగారి పూనికతో నెలకొన్న రెడ్డి వసతిగృహము వీనిలో ప్రసిద్ధము. దానికి కార్యదర్శిగ పనిచేసిన సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండపత్రికను స్థాపించిరి. తెలంగాణమున కవులు లేరని యొకరు వ్రాయగా, వారు వాదమునకు దిగక 354 మంది కవులతో 1934లో గోలకొండకవుల సంచికను వెలువరించిరి. ఒక కులపు వసతిగృహమున పనిచేసినవారు ఒక ప్రాంతపు సాహిత్యమున కెల్ల సేవచేసిరన్న మాట.

పైని జెప్పిన బావిగట్టున నిలుచున్నవారి పక్షమున లేచిన సంఘములను స్మరింపనిచో ఈ చరిత్ర సగమే యగును. భాగ్యరెడ్డివర్మగారు 1888లో హైదరాబాదున జన్మించిరి. 1906లో జగన్మిత్రమండలిని, 1911లో మాన్యసంఘమును స్థాపించిరి. ఈసామియాబజారున 1910లో పాఠశాల దెఱచి, తరువాత మఱి కొన్నిటిని నడపిరి. 1917లో బెజవాడయందు పంచమ మహాసభ యని పిలువబడిన సభకు వారే అధ్యక్షులు. పంచములను పేరు మాకు వలదు, మేము ఆదిఆంధ్రులము అని ఆ సభ ప్రకటించెను. ఇతర సంఘముల ప్రకటనలు పాఠశాల, సత్రము, భవనము అని యుండగా, వారు మొదట తమ పేరును తాము చెప్పుకొనవలసి వచ్చినది. మనము కులసంఘము పెట్టుకొన్నది ముందునకు సాగుటకు. వారు పెట్టుకొన్నది లోపలికి వచ్చుటకు. ఈ రెంటికి నెంత భేదమో సంఘసభ్యులు యోచింతురుగాక!

1950లో అమలునకు వచ్చిన రాజ్యాంగము తన 15వ అధికరణమున బావులు, చెఱువులు, స్నానఘట్టములు, బాటలు మొదలగువాని పేర్లు చెప్పి, సర్వజనోపయోగమునకు సమర్పింపబడినవానినుండి కులకారణమున ఎవరిని తొలగింపరాదని శాసించినది. మన పూర్వుల పూర్తధర్మపు పట్టికయు ఈ పట్టికయు ఇంచుమించుగ నొక్కటియే. స్మృతి త్రవ్వువానిని గూర్చి చెప్పినది. రాజ్యాంగము త్రాగువానిని గూర్చి చెప్పినది. రెండును గలసిననే పూర్తము పూర్తమగును.

ఆఱు దోషములు

పోరుమామిళ్ల శాసనము చెఱువునకు జెప్పిన ఆఱు దోషములను సంఘమునకు అన్వయించి చూతము. మొదటిది కట్టనుండి నీరు కాఱుట: రసీదు లేని వసూలును, వోచరు లేని ఖర్చును ఇట్టివే. రెండవది చౌటినేల: దీని సంగతి సభ్యులే యూహింపగలరు. మూడవది రెండు రాజ్యముల పొలిమేరలో నుండుట: సంఘమున రెండు పక్షములేర్పడినచో, గండి పడినప్పుడు ప్రతిపక్షమువారే పూడ్తురని యిరువురు నూరకుందురు. నాలుగవది చెఱువు నడుమ మెట్ట: ఒక్కరి ఘనత యెత్తుగ లేచినచో నీరు నిలుచుటకు చోటు తగ్గును. అయిదవది నీరు కొంచెము, ఆయకట్టు విస్తారము: నిధి వేలలో నుండగా తీర్మానములు లక్షలలో జేయుట. ఆఱవది నీరు విస్తారము, భూమి కొంచెము: బ్యాంకులో సొమ్ము పెరుగుచుండగా లబ్ధిపొందువారు పదిమందియే యగుట.

ఈ కడపటి దోషమును గూర్చి యొక్క మాట. ఒక సంఘపు వసతిగృహమున గది ఖాళీగ నున్నది. పల్లెనుండి వేఱొక కులపు కూలివాని బిడ్డ చదువునకై వచ్చి తలుపు దట్టినది. మనము ఏమి చెప్పుదుము? "మనవారికే చాలనప్పుడు ఇతరులకెట్లు?" అని కొంద ఱందురు. చాలనప్పుడు మనవారికే ముందు ఇయ్యవచ్చును. దాతల యుద్దేశమును అదియే కావచ్చును. చాలి మిగిలినప్పుడు గూడ తలుపు మూసియుంచుట మాత్రము ఏ ధర్మము? పఠనమందిరమునకు కులము లేదు, చలివేంద్రమునకు లేదు, రక్తదానశిబిరమున మన మిచ్చిన రక్తము ఎవరి యొడలిలో ప్రవహించుచున్నదో మన మెఱుగము, ఎఱుగ నక్కఱయు లేదు. ఇన్నిటియందు తెఱచియున్న తలుపు ఒక్క గదికడ మూసికొనుట తగునా?

"ఈ కాలమున కులసంఘ మేల?" యని మన పిల్లలే యడుగుచున్నారు. వారిని కోపపడి లాభము లేదు. వాదముతో వారిని ఒప్పింపజాలము. ఊరికి పనికివచ్చు సంఘమును చూపించినచో ప్రశ్న తానే శమించును. చూపింపలేనిచో ఆ ప్రశ్నయే న్యాయమైనది.

విన్నపము

కావున ఈ మహాసభకు మూడు విన్నపములు. క్రొత్త తీర్మానములు ప్రవేశపెట్టుటకు ముందు క్రిందటి యేటి తీర్మానములను ఒక్కొక్కటిగ జదివి, "జరిగినది", "జరుగుచున్నది", "జరుగలేదు" అను మూడు మాటలలో నొకటి సభయెదుట జెప్పవలయును. జరుగలేదని చెప్పుట అవమానము గాదు, చెప్పకుండుటయే అవమానము. నేడు ప్రకటన చేతిఫోనులో నిమిషమున ఊరంతయు వ్యాపించుచున్నది. మఱునాటికి దానిని త్రోసికొని వేఱొకటి వచ్చుచున్నది. అందుచేత అచ్చుపుటలో నిలుచు ఈ సమాధానము మఱింత యవసరము.

రెండవది: లెక్కలను సంచికయందు సంపూర్ణముగ నచ్చొత్తింపవలయును. పెద్ద దాతల పేర్లతో గూడ నూఱు రూపాయలిచ్చినవారి పేర్లును ఉండవలయును. చెఱువుకట్టకు బండ్లతో తెచ్చిన రాయియు, తట్టతో తెచ్చిన మన్నును రెండును గావలయును.

మూడవది: సంఘము నడపు పనులలో ఏ యొక్కదానినైన ఈ సంవత్సరమునుండి ఊరివారి కెల్ల ఉద్దేశింపబడినదిగ ప్రకటింపవలయును. అది పఠనమందిరమే కావచ్చును. విద్యార్థివేతనములలో పదియవ వంతే కావచ్చును. వసతిగృహమున రెండు గదులే కావచ్చును. చిన్నదైనను వచ్చు మహాసభలో "జరిగినది" అని చెప్పుకొనదగినదిగ నుండవలయును.

సభ ముగియును, తోరణములు వాడును, అతిథులు రైలెక్కి పోవుదురు. నిలుచునది తీర్మానముల పుస్తకము. దానిలో మనము వ్రాయు ప్రతి వాక్యమును మన సంతానము మననుండి వసూలు చేయదగిన ఋణమని తలచి, తీర్పగలిగినంతయే వ్రాయుదము, వ్రాసినదెల్ల తీర్తము.